మధ్యయుగ ఐరోపాలో నైట్ల టోర్నమెంట్లు నిజంగా ఎలా జరిగేవి?

గోదారిగట్టు:
సభ్యులందరికీ నమస్కారం. సినిమాలలోను, బొమ్మల పుస్తకాలలోను మనకు కనిపించే నైట్ల పోటీ ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటుంది. మధ్యలో పొడవాటి చెక్కదడి, దానికి చెరొక వైపు ఉక్కు కవచంలో మునిగిపోయిన రౌతు, గుర్రాలు ఎదురెదురుగా దూసుకురావడం, బల్లెం ముక్కలై ఎగిరిపోవడం, మంచె మీద కూర్చున్న రాకుమారి చేతిరుమాలు విసరడం. అయితే 12వ శతాబ్దపు ఇంగ్లండు చరిత్ర చదువుతున్నప్పుడు విలియం మార్షల్ అనే మనిషి కథ ఎదురైంది. ఒక చిన్న సామంతుడికి నాలుగవ కొడుకుగా పుట్టి, తండ్రి ఆస్తిలో చెప్పుకోదగిన వాటా లేక, టోర్నమెంట్లలో తిరిగి పేరూ డబ్బూ సంపాదించి, చివరికి బాలరాజు మూడవ హెన్రీ తరఫున ఇంగ్లండు రాజ్యాన్నే ఏలినవాడట. బల్లెం విరిచినందుకు ఎవరైనా అంత డబ్బు ఎందుకు ఇస్తారన్నది నాకు అంతుబట్టలేదు. ఈ పోటీలలో డబ్బు ఎక్కడి నుంచి వచ్చేదో, ఎవరు పెట్టేవారో, ఎవరు పోగొట్టుకునేవారో తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కొండవీటి చేంతాడు:
గోదారిగట్టు గారూ, మీరు చూసిన బొమ్మకూ విలియం మార్షల్‌కూ మధ్య రెండు వందల ఏళ్ల పైచిలుకు దూరం ఉంది. ఆ చెక్కదడి 15వ శతాబ్దం తొలి దశకాలలో గాని రాలేదు. మొదట తాడు కట్టి గుడ్డ వేలాడదీసేవారు, తరువాత పలకలు వచ్చాయి. మార్షల్ 1147 ప్రాంతంలో పుట్టి 1219లో చనిపోయాడు. అతని కాలంలో టోర్నమెంటు అంటే ఇద్దరి మధ్య పోటీ కాదు, రెండు దళాల మధ్య జరిగే నకిలీ యుద్ధం. నకిలీ అన్న మాట కూడా కొంచెం సంకోచిస్తూనే వాడుతున్నాను, ఎందుకంటే కత్తులు, బల్లేలు యుద్ధంలో వాడేవే.

రెండు ఊళ్ల పేర్లు చెప్పి వాటి మధ్య ఫలానా రోజున కలుద్దామని ముందుగా కబురు పంపుకొనేవారు. అక్కడికి ఉత్తర ఫ్రాన్సు, ఫ్లాండర్స్, నార్మండీ, ఆంజూ, ఇంగ్లండుల నుంచి నైట్లు గుంపులు గుంపులుగా వచ్చి ఎవరి ప్రభువు జెండా కింద వారు చేరేవారు. మైదానానికి హద్దు ఉండేది కాదు. పొలాలు, ద్రాక్షతోటలు, వాగులు, ఊరి వీధులు అన్నీ అందులోనివే. అక్కడక్కడ దడి కట్టిన చోట్లు మాత్రం కొన్ని ఉండేవి. అలసినవాడు వాటిలోకి వెళ్లి ఊపిరి పీల్చుకోవచ్చు, లోపల ఉన్నంతసేపు ఎవరూ పట్టుకోకూడదు. మొదట రెండు పక్షాలూ బల్లేలు చాచి ఎదురెదురుగా పరిగెత్తి ఢీకొని, ఒకరినొకరు దాటిపోయి, గుర్రాలను వెనక్కు తిప్పి మళ్లీ కలబడేవి. అక్కడి నుంచి సాయంత్రం దాకా చెదురుమదురు పోరాటమే.

మీరడిగిన డబ్బు సంగతి ఇక్కడే ఉంది. ఎదుటివాడిని చంపడం ఎవరి ఉద్దేశమూ కాదు, పట్టుకోవడమే లక్ష్యం. గుర్రపు కళ్ళెం దొరకబుచ్చుకొని ఈడ్చుకుపోతే ఆ రౌతు బందీ అయినట్లే. ఓడినవాడు తన గుర్రాన్నీ కవచాన్నీ ఇచ్చుకోవాలి, లేదా వాటికి సరిపడే విడుదల ధనం చెల్లిస్తానని మాట ఇవ్వాలి. యుద్ధాశ్వం ఆ రోజులలో ఒక నైటుకు ఉన్న అతి ఖరీదైన చరాస్తి కనుక ఒక్క మధ్యాహ్నంలో ఇద్దరు ముగ్గురిని పట్టినవాడికి చేతినిండా డబ్బే.

మార్షల్‌కు ఈ పాఠం కష్టకాలంలో అబ్బింది. 1160ల చివర నార్మండీలో జరిగిన తన తొలి పోరులో అతడు గొప్పగా పోరాడాడు గాని బందీలను పట్టే ధ్యాసే లేక, ఉన్న గుర్రాన్ని కూడా పోగొట్టుకున్నాడు. ఆ రాత్రి విందులో ఎసెక్స్ ప్రభువు, నాకొక జీనుపట్టెడ కానుకగా ఇవ్వవయ్యా అని పదిమందిలో అడిగాడట. నా దగ్గర అలాంటివి ఏనాడూ లేవని కుర్రవాడు అమాయకంగా జవాబిస్తే, అదేమిటి, ఇవాళ నీకు నలభయ్యో అరవయ్యో దొరికాయి కదా అని ఆ ప్రభువు అనేసరికి అందరూ నవ్వారు. తరువాత మార్షల్ తన పై అంగీ అమ్ముకొని ఒక సామాన్లు మోసే గుర్రాన్ని కొనుక్కోవలసి వచ్చింది. కొద్ది కాలానికే ల మాన్ నగరానికి సమీపంలో జరిగిన టోర్నమెంటుకు తన ప్రభువు ఇచ్చిన గుర్రం మీద వెళ్లి, గుర్రాలతోనూ విడుదల ధనంతోనూ తిరిగివచ్చాడు. ఆ తరువాత ఒకసారి రోజర్ అనే మరొక నైటుతో లాభంలో చెరి సగం అని ఒప్పందం చేసుకొని ఊరూరా తిరిగాడు. పెంతెకొస్తు పండుగ నుంచి మరుసటి లెంటు ఉపవాసకాలం దాకా ఆ ఇద్దరూ కలిసి పట్టిన నైట్లు 103 మంది. లెక్క రాసినవాడు రాజుగారి వంటశాల గుమాస్తా. గుర్రాలు, సామాను ఆ లెక్కలో చేరలేదు.

లెక్కల మాస్టారు:
చేంతాడు గారు ఎప్పటిలాగే విపులంగా రాశారు. అయితే ఆ 103 సంఖ్యను రెండవ వైపు నుంచి కూడా చూడాలి. ఇద్దరు మనుషులు గెలిచారంటే 103 మంది గుర్రమో డబ్బో పోగొట్టుకొని ఇంటికి వెళ్లారని అర్థం. మార్షల్ జీవితాన్ని పద్యకావ్యంగా రాయించింది అతని కుటుంబమే. ఓడినవాడి కొడుకులు ఎవరూ అలాంటి కావ్యం రాయించలేదు. టోర్నమెంట్లు పేద నైట్లకు జీవనోపాధి అని చెప్పేటప్పుడు వడ్డీ వ్యాపారి దగ్గర కవచం తాకట్టు పెట్టినవారి సంగతి కూడా చెప్పాలి. మతబోధకులు ఆనాడే ఈ విషయం ఎత్తిచూపారు.

ఇంకొక సంగతి. విడిగా తిరిగే మనిషికి ఇందులో నిలకడైన ఆదాయం ఉండేది కాదు. మార్షల్ 1170 నుంచి ఇంగ్లండు యువరాజు హెన్రీ కొలువులో ఉన్నాడు. ఖర్చంతా యువరాజుది, యువరాజు ఖర్చు అతని తండ్రి రెండవ హెన్రీది. 1179 నవంబరులో ఫ్రాన్సు రాజు ఫిలిప్ పట్టాభిషేకం సందర్భంగా పారిస్ దగ్గరి లాన్యీలో జరిగిన టోర్నమెంటుకు వేల సంఖ్యలో నైట్లు వచ్చారని ఆ కావ్యమే చెబుతోంది. అంత మందికి తిండి, గుర్రాలకు దాణా, బస ఎవరు పెట్టారు? పెద్ద ప్రభువులే. వారికి అది పలుకుబడి మీద పెట్టుబడి. మంచి రౌతులు ఏ జెండా కింద చేరతారన్నది రేపటి యుద్ధంలో ఎవరు ఎటు నిలుస్తారన్న దానికి ముందస్తు సూచన. కాబట్టి గోదారిగట్టు గారి ప్రశ్నకు నా జవాబు, డబ్బు రెండు చోట్ల నుంచి వచ్చేది: ఓడినవాడి జేబు నుంచి, ప్రభువు ఖజానా నుంచి. రెండవదే నమ్మకమైనది.

కొండవీటి చేంతాడు:
మాస్టారు గారి రెండవ మాటతో నాకు పేచీ లేదు. మొదటి మాటకు మాత్రం చిన్న సవరణ. ఓడినవాడు ప్రతిసారీ సర్వనాశనం కాలేదు. ఇవాళ పట్టుబడినవాడు రెండు వారాల తరువాత మరొక చోట ఇంకొకడిని పట్టేవాడు. ఉత్తర ఫ్రాన్సులో టోర్నమెంట్లు ఉపవాసకాలం తప్పించి ఇంచుమించు రెండు వారాలకొకటి చొప్పున జరిగేవి.

పట్టుబడ్డవాడు జారిపోయిన సందర్భాలూ లేకపోలేదు. ఆనే అనే ఊళ్లో మార్షల్ ఒక ఫ్రెంచి నైటు గుర్రపు కళ్ళెం పట్టుకొని వీధి వెంట లాక్కుపోతున్నాడు. ఒక ఇంటి చూరు నుంచి నీటి తూము వీధిలోకి వేలాడుతున్నది. ఆ నైటు దాన్ని రెండు చేతులా పట్టుకొని జీను మీది నుంచి పైకి లేచి అక్కడే వేలాడుతూ ఉండిపోయాడు. వెనక వస్తున్న యువరాజు అంతా చూసి కూడా నోరు మెదపలేదు. మార్షల్ వెనక్కి తిరిగి చూడకుండా బసకు చేరి, ఈ నైటును కట్టడి చేయండని తన సేవకుడితో అన్నాడు. ఏ నైటండీ అని వాడు అడిగాడు. యువరాజు పగలబడి నవ్వి జరిగింది చెప్పాడు. గుర్రం మాత్రం మార్షల్‌కే మిగిలింది.

పాతకోట:
ఇంత సరదాగా చెప్పుకొంటున్న ఈ వ్యవహారాన్ని చర్చి దాదాపు రెండు శతాబ్దాల పాటు నిషేధించింది. 1130లో క్లెర్మాంట్ సభలో తొలి ఆంక్ష వచ్చింది. 1139లోనూ 1179లోనూ లాటరన్ సభలు దాన్ని మళ్లీ ప్రకటించాయి. టోర్నమెంటులో ప్రాణం పోయినవాడికి చివరి క్షణంలో పాపక్షమాపణ ఇవ్వవచ్చు గాని, చర్చి శ్మశానంలో పూడ్చడానికి వీలులేదన్నది ఆ శాసనం. ఆనాటి క్రైస్తవుడికి ఇంతకంటె పెద్ద బెదిరింపు లేదు. అయినా ఎవరూ మానలేదు. ప్రతి సంక్రాంతికీ కోడిపందేలపై నిషేధం, ప్రతి సంక్రాంతికీ కోడిపందేలు అన్న తీరులోనే సాగింది. 1179 నాటి ఆ మూడవ లాటరన్ సభ మార్చిలో ముగిస్తే మాస్టారు చెప్పిన లాన్యీ టోర్నమెంటు అదే ఏడాది నవంబరులో, అదీ ఒక క్రైస్తవ రాజు పట్టాభిషేకం పేరున జరిగింది.

చర్చి కోపానికి కారణాలు లేకపోలేదు. 1234లో హాలండు ప్రభువు నాలుగవ ఫ్లోరిస్ కార్బీ దగ్గర టోర్నమెంటులో చనిపోయాడు. 1241లో రైన్ నది ఒడ్డున కొలోన్ సమీపంలోని నాయిస్‌లో ఒక్క రోజే 60 మందికి పైగా నైట్లు మరణించారు. చాలామందిని చంపింది కత్తి కాదు, మూసుకుపోయిన శిరస్త్రాణాలలో ఎండా దుమ్మూ కలిసి ఊపిరి ఆడనీయకపోవడం. జాక్ ద విట్రీ అనే బోధకుడు టోర్నమెంటులో ఏడు మహాపాపాలూ ఉన్నాయని ఒక్కొక్కటిగా నిరూపించాడు. పొగడ్తల కోసం పోరాడటం గర్వం, తనకన్నా మెప్పు పొందినవాడిని చూసి ఏడవడం అసూయ, కొట్టుకోవడం కోపం, ఓడి దిగాలుపడి మంచి పనులు మానడం సోమరితనం, ఎదుటివాడి గుర్రాన్ని గుంజుకోవడం లోభం, తరువాత విందులు తిండిపోతుతనం, ఆడవారి మెప్పు కోసం వారి గుర్తులు ధరించి దిగడం కామం. రైతుల పంటలు తొక్కించడం కూడా లోభం కిందే రాశాడు. నా దృష్టిలో అన్నిటిలోకీ బరువైన ఆరోపణ అదే. మనం గుర్రాల గురించి, కవచాల గురించి ఇంత మాట్లాడుకొంటున్నాం గాని ఆ పొలాలు ఎవరివో ఏ కావ్యమూ చెప్పదు.

మార్షల్ మరణశయ్య మీద ఉన్నప్పుడు కూడా ఈ సమస్య వచ్చింది. ఇతరుల దగ్గర తీసుకొన్నది తిరిగి ఇవ్వనిదే మోక్షం లేదని మతాధికారులు అంటారని ఒక నైటు గుర్తు చేస్తే, నేను 500 మందిని పట్టి వారి గుర్రాలూ కవచాలూ తీసుకున్నాను, వాటన్నిటినీ తిరిగి ఇవ్వడం నా వల్ల కాదు, మతాధికారులు మా మీద మరీ కఠినంగా ఉన్నారు అన్నాడట. నిషేధాన్ని 1316లో పోప్ 22వ జాన్ ఎత్తివేశాడు. నైట్లకు సాధన లేకపోతే పవిత్ర భూమి కోసం యుద్ధం చేసేవారే కరువవుతారన్న వాదన చివరికి నెగ్గింది.

గోదారిగట్టు:
చాలా విలువైన సమాచారం ఇచ్చారు, పాతకోట గారూ. చర్చి సరే, రాజుల వైఖరి ఏమిటి? సొంత సైన్యానికి సాధన దొరుకుతుంటే వారు అడ్డుపడవలసిన అవసరం ఏముంది?

కొండవీటి చేంతాడు:
ఆయుధాలు ధరించిన వందలమంది సామంతులు ఒక చోట చేరడమే రాజుకు భయం. ఇంగ్లండులో రెండవ హెన్రీ తన రాజ్యంలో టోర్నమెంట్లు జరగనివ్వలేదు. అందుకే అతని కొడుకూ మార్షల్ కూడా ఫ్రాన్సులో తిరగవలసి వచ్చింది. సింహహృదయుడు రిచర్డ్ మాత్రం తెలివిగా ఆలోచించాడు. ఫ్రెంచివారు టోర్నమెంట్లలో రాటుదేలి యుద్ధంలో తన మనుషులను ఎగతాళి చేస్తున్నారని గ్రహించి, 1194లో ఇంగ్లండులో అయిదు చోట్లకు అనుమతి ఇచ్చాడు. రుసుము ముందుగా కట్టాలి. పెద్ద ప్రభువుకు 20 మార్కుల వెండి, బేరన్‌కు 10, భూమి ఉన్న నైటుకు 4, భూమి లేనివాడికి 2. మార్కు అంటే పౌనులో మూడింట రెండు వంతులు. విదేశీ నైట్లకు ప్రవేశం లేదు. సాధన సైన్యానికి, రాబడి ఖజానాకు.

రాజుల భయం ఉత్తది కాదనడానికి 1215 ఉదాహరణ చాలు. జాన్ రాజు చేత మాగ్నా కార్టా మీద ముద్ర వేయించుకొన్న తిరుగుబాటు సామంతులు స్టాంఫర్డ్‌లో ఒక టోర్నమెంటు పెట్టుకొన్నారు. అందరూ అక్కడికి వెళితే రాజు పక్షం లండన్‌ను చేజిక్కించుకుంటుందేమోనని దాన్ని లండన్ పక్కనున్న హౌన్స్‌లో మైదానానికి మార్చారు. వారి నాయకుడు రాసిన ఉత్తరంలో, బాగా పోరాడినవాడికి ఒక దొరసాని పంపబోయే ఎలుగుబంటిని బహుమతిగా ఇస్తామని కూడా ఉంది. అంతర్యుద్ధం ముంగిట కూడా ఎలుగుబంటి ప్రస్తావన మరువలేదు చూడండి.

మూడవ హెన్రీ కాలంలో నిషేధపు ఉత్తర్వులు వరసగా వెలువడ్డాయి. అతని కొడుకు మొదటి ఎడ్వర్డ్ స్వయంగా టోర్నమెంట్ల మనిషి. 1273లో క్రూసేడ్ నుంచి తిరిగివస్తూ ఫ్రాన్సులో షాలోన్ ప్రభువు పిలుపు మీద దిగితే, ఆ ప్రభువు ఎడ్వర్డ్ మెడ పట్టుకొని జీను మీది నుంచి లాగబోయాడు. ఎడ్వర్డ్ గుర్రాన్ని ముందుకు ఉరికించడంతో లాగినవాడే కింద పడ్డాడు. ఆ తరువాత పోటీ కాస్తా పోరుగా మారి కాల్బలాలు కూడా కలగజేసుకొని చాలామంది చనిపోయారు. షాలోన్ చిన్న యుద్ధం అన్న పేరు దానికి నిలిచిపోయింది. 1292లో వచ్చిన ఆయుధ శాసనం వెనక ఇటువంటి అనుభవాలు ఉన్నాయి: మొనదేలిన కత్తులు, బాకులు, గదలు నిషిద్ధం, ఒక్కొక్కరి వెంట ముగ్గురికి మించి సేవకులు ఉండకూడదు, చూడవచ్చినవారు ఆయుధాలు తేకూడదు.

ఈ కట్టడి క్రమంలోనే, నా అభిప్రాయంలో, ఒకరితో ఒకరు తలపడే బల్లెపు పోటీ ముందుకు వచ్చింది. అది కొత్తది కాదు. పెద్ద కలహానికి ముందురోజు కుర్ర నైట్లు సరదాకి చేసేదే. కాని చిన్న ఆవరణలో, న్యాయనిర్ణేతల ఎదుట, ఒక జంట తరువాత మరొక జంటగా జరుగుతుంది కనుక తిరుగుబాటుకు అవకాశం తక్కువ, చూసేవారికి ఎవరు ఎవరో స్పష్టంగా తెలుస్తుంది. 14వ శతాబ్దం నాటికి ప్రధాన ఆకర్షణ అదే అయింది. పొలాల మీది వేట రాజుగారి పెరటి వేడుకగా మారిపోయింది.

గుర్రపుడెక్క:
అందరూ రౌతుల గురించే రాస్తున్నారు కనుక గుర్రాల గురించి నాలుగు మాటలు. యుద్ధాశ్వం అనగానే ఏనుగంత జంతువును ఊహించుకొంటారు. ఇంగ్లండులో తవ్వకాలలో దొరికిన గుర్రపు ఎముకలను కొలిచి ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2021లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, మధ్యయుగపు గుర్రాలలో అత్యధికం భుజం దగ్గర 148 సెంటీమీటర్ల లోపే. ఇప్పటి లెక్కలో వాటిని పోనీలంటారు. ఎత్తు కంటె తర్ఫీదుకూ దృఢత్వానికీ విలువ ఎక్కువ. ఎదురుగా మరొక గుర్రం వేగంగా వస్తుంటే పక్కకు తొలగడం గుర్రానికి సహజం. దాన్ని అణచి తిన్నగా పరిగెత్తేలా చేయడం సాహిణి పనితనం.

చేంతాడు గారు చెప్పిన దడి అందుకే వచ్చింది. అది లేని రోజులలో రెండు గుర్రాలు ముఖాముఖి ఢీకొని రౌతుల మోకాళ్లు నుజ్జవుతుండేవి. దడి వచ్చాక ఇద్దరూ దడిని తమ ఎడమ పక్కన ఉంచుకొని పరిగెత్తుతారు, బల్లేన్ని కుడి చంకలో ఇరికించి గుర్రం మెడ మీదుగా ఎడమకు ఏటవాలుగా చాస్తారు. తగిలే కోణం వాలుగా ఉంటుంది గనుక బల్లెం కవచాన్ని చీల్చడం కంటె విరగడానికే ఎక్కువ వీలు. జర్మన్ దేశాలలో కొందరు దడి లేకుండానే పోటీపడుతూ, గుర్రం బెదరకుండా దాని కళ్లను పూర్తిగా కప్పేసే ఉక్కు ముఖపట్టాలు తొడిగేవారు. ఛాతీకి గడ్డి కూరిన మెత్త కట్టేవారు. ఎదుటివాడి గుర్రాన్ని పొడిచినవాడికి బహుమతి దక్కదన్న నియమం 1466 నాటి ఇంగ్లీషు నిబంధనలలో ఉంది.

లీడ్స్ నివాసి:
నేను ఉంటున్న లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్ ప్రదర్శనశాలలో ఎనిమిదవ హెన్రీ కవచాలున్నాయి, వాటిలో 1520 నాటి వేడుక కోసం తయారైనవి కూడా ఉన్నాయి. కాని బల్లెపు పోటీ కవచం ఎలా పనిచేసేదో నాకు అర్థమైంది వియన్నాలోని చక్రవర్తుల ఆయుధశాలలో. మాక్సిమిలియన్ చక్రవర్తి కాలపు పోటీ కవచాలు అక్కడ వరసగా నిలబెట్టి ఉంటాయి. యుద్ధంలో వేసుకొనే కవచం 20 నుంచి 25 కిలోలుంటే, వీటి బరువు 40 కిలోల పైమాటే. ఎక్కువసేపు నడవడానికో పడిలేవడానికో కాదు, కొద్ది నిమిషాల పాటు ఒక్క దిక్కు నుంచి వచ్చే ఒక్క దెబ్బను కాచుకోవడానికి చేసినవి అవి.

వాటిలో శిరస్త్రాణాన్ని దగ్గరగా చూడాలి. ముందు భాగం కప్ప మూతిలా ముందుకు పొడుచుకు వచ్చి ఉంటుంది. దాన్ని ఛాతీ పలకకు మరలతో బిగిస్తారు కనుక లోపల తల తిప్పడం కుదురుతుంది గాని శిరస్త్రాణం మాత్రం కదలదు. కళ్ల దగ్గర ఒక సన్నని సందు. నిటారుగా కూర్చుంటే ఆ సందులో నుంచి ఆకాశం తప్ప మరేమీ కనబడదు. నడుము వంచి ముందుకు వాలితేనే ఎదుటివాడు కనిపిస్తాడు. రౌతు అలా వాలి గురి చూసుకొంటూ పరిగెత్తి, బల్లెం తగలబోయే లిప్తలో నిటారుగా లేస్తాడు. అప్పుడు సందు పైకి పోతుంది, చెక్క పెళ్లలు కళ్లలోకి రావు. అంటే తన బల్లెం ఎక్కడ తగిలిందో ఆ క్షణంలో కొట్టినవాడికి కనిపించదు. కుడి పక్క ఛాతీకి ఒక కొక్కెం, చంక వెనకకు ఇంకొక కొక్కెం ఉంటాయి. బరువైన బల్లెం వెనక భాగం ఆ రెండవదాని కింద ఇమిడిపోతుంది. బల్లెం కొసన కూచి మొన ఉండదు, మూడు నాలుగు పళ్లున్న చిన్న కిరీటం వంటిది ఉంటుంది. అది డాలు మీద పట్టు దొరికించుకొంటుంది గాని లోపలికి దిగదు.

సన్నజాజి:
మంచె మీది రాకుమారి గురించి గోదారిగట్టు గారు మొదట్లో రాసిన మాటకు ఎవరూ స్పందించలేదు. మార్షల్ కాలంలో మైళ్ల కొద్దీ సాగే ఆ కలహాన్ని మంచె మీద నుంచి చూడటం సాధ్యం కాదు. అయినా దొరసానులు వచ్చేవారు. ప్లర్ అనే చోట ఒక దొరసాని బహుమతిగా ఒక పెద్ద పైక్ చేపను ఇచ్చింది. అది మార్షల్‌కే దక్కాలని అందరూ నిర్ణయించి వెతకబోతే, అతడు కమ్మరి కొలిమిలో దాగలి మీద తల ఆనించి మోకాళ్ల మీద ఉన్నాడు. దెబ్బలకు సొట్టలు పడి తలకు బిగుసుకుపోయిన శిరస్త్రాణాన్ని కమ్మరి సుత్తితోనూ పట్టకారుతోనూ ఊడదీస్తున్నాడు.

మంచెల మీద కూర్చునే రోజులు వచ్చాక వాటికీ ప్రమాదాలు వచ్చాయి. 1331 సెప్టెంబరులో మూడవ ఎడ్వర్డ్ లండన్‌లో చీప్‌సైడ్ వీధిలోనే పోటీలు పెట్టించాడు. ఫిలిప్పా రాణి, ఆమె చెలులు కూర్చున్న చెక్కమంచె కుప్పకూలి కింద ఉన్నవారు కూడా గాయపడ్డారు. వడ్రంగులను శిక్షించబోతున్న రాజు ముందు రాణి మోకరిల్లి వారిని కాపాడింది. ఆ తరువాత అక్కడ రాతి కట్టడం వెలిసింది. 1348 ప్రాంతంలో మరొక వింత. మంచి గుర్రాలెక్కి, మగవారి దుస్తులు తొడిగి, నడుముకు బాకులు దోపుకొని కొందరు స్త్రీలు టోర్నమెంటు జరిగిన ప్రతిచోటికీ గుంపుగా వస్తున్నారని హెన్రీ నైటన్ అనే మఠవాసి తన చరిత్రలో గొల్లుమన్నాడు. వారిని చెదరగొట్టడానికి దేవుడు కుంభవృష్టి కురిపించాడని కూడా రాశాడు. ఆ స్త్రీలలో ఒక్కరైనా తన వైపు మాట రాసి ఉంటే ఎంత బాగుండేది.

15వ శతాబ్దంలో ఆంజూ ప్రభువు రెనే రాసిన పద్ధతి ప్రకారం, పోటీకి ముందు పాల్గొనేవారి శిరస్త్రాణాలన్నీ ఒక మఠం వసారాలో వరసగా పెట్టాలి. దొరసానులు వాటి ముందు నడుస్తూ వస్తారు. తన గురించి చెడుగా మాట్లాడినవాడి శిరస్త్రాణాన్ని ఒకామె తాకితే న్యాయనిర్ణేతలు విచారిస్తారు. నిజమని తేలితే మర్నాడు మిగిలిన నైట్లు వాడిని చావబాదుతారు, ఆమె చాలునన్నాక గాని ఆపరు.

లెక్కల మాస్టారు:
నాకు నచ్చే భాగం ఒకటి మిగిలిపోయింది. అదే స్కోరు. డాలు మీద, అంగీ మీద ఉన్న వంశచిహ్నాలను చూసి ఎవరు ఎవరో గుర్తుపట్టి కేక పెట్టే హెరాల్డులే తరువాత గుమాస్తాలు కూడా అయ్యారు. 16వ శతాబ్దపు స్కోరు కాగితాలు ఇంగ్లండులో ఇప్పటికీ ఉన్నాయి. రౌతు పేరు పక్కన దీర్ఘచతురస్రం, దానిలో అడ్డగీతలు, ఆ గీతల మీద నిలువుగా చిన్న గంట్లు. గంటు ఏ గీత మీద పడిందన్నదాన్ని బట్టి బల్లెం తలకు తగిలిందా, ఒంటి మీద విరిగిందా తెలుస్తుంది. దడికి బల్లెం తగిలితే మార్కులు కోసేవారు. ఎదుటివాడి బల్లెపు కిరీటానికి తన కిరీటాన్ని తాకించగలిగినవాడిది గొప్ప నేర్పు కింద లెక్క. గాయాలతో ముగిసే సంబరం ఇలా అంకెల ఆటగా మారడానికి మూడు వందల ఏళ్లు పట్టింది. నైట్ల కలహం పేరు ఇవాళ మన పత్రికల క్రీడా పేజీలో క్రికెట్ టోర్నీగా మిగిలిందంటే ఈ గుమాస్తాల చలవ కొంత ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

గోదారిగట్టు:
ఫ్రాన్సు రాజు రెండవ హెన్రీ బల్లెపు పోటీలో చనిపోవడంతో ఈ ఆట అంతరించిందని చాలా చోట్ల రాస్తుంటారు. అది ఎంతవరకు నిజం?

కొండవీటి చేంతాడు:
ఆ మరణం నిజం, దానితో ఆట అంతరించిందన్నది అతిశయోక్తి. 1559లో స్పెయిన్‌తో సంధి కుదిరి, కూతురు, చెల్లెలు ఇద్దరి పెళ్లిళ్ల వేడుకలలో భాగంగా పారిస్‌లో సాంతాంత్వాన్ వీధిలో పోటీలు పెట్టారు. జూన్ 30న, రోజు ముగుస్తుండగా, రాజు స్కాటిష్ అంగరక్షక దళాధిపతి మోంగోమరీతో మరొక్కసారి తలపడాలని పట్టుబట్టాడు. బల్లెం విరిగింది. మోంగోమరీ చేతిలో మిగిలిన తునక రాజు ముఖతొడుగును తాకి, పెళ్లలు కంటి మీదుగా తలలోకి దిగాయి. ఆంబ్రోయిజ్ పారే, బ్రస్సెల్స్ నుంచి రప్పించిన వెసాలియస్ వంటి ఆ కాలపు మహావైద్యులు చూసినా లాభం లేకపోయింది. జూలై 10న రాజు మరణించాడు. సింహాసనం 15 ఏళ్ల కొడుక్కి దక్కింది. కేథరిన్ రాణి ఆ పక్కనే ఉన్న తూర్నెల్ రాజభవనాన్ని విడిచిపెట్టి తరువాత కూల్పించింది. మోంగోమరీని రాజు క్షమించాడంటారు. అతడు తరువాత ప్రొటెస్టెంటు సేనానిగా పట్టుబడి 1574లో పారిస్‌లో శిరచ్ఛేదానికి గురయ్యాడు, అది వేరే కథ.

ఫ్రాన్సు ఆస్థానంలో ముఖాముఖి పోటీ దీనితో మందగించిన మాట వాస్తవం. కాని ఇంగ్లండులో ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కిన నవంబరు 17న ఏటా వైట్‌హాల్‌లో ఈ పోటీలు ఆమె చనిపోయేదాకా జరిగాయి, ఆమె తరువాత 1620ల దాకా సాగాయి. అక్కడ ఏ రాజూ చనిపోలేదు, అయినా ఆగిపోయాయి. తుపాకులూ బారుబల్లేల కాల్బలాలూ యుద్ధం తీరును మార్చాక బరువైన బల్లేన్ని చంకలో పెట్టి పరిగెత్తే విద్యకు యుద్ధంలో గిరాకీ పోయింది. ఆస్థానాలు కూడా గుర్రాల నాట్యాల వంటి కరుసెల్ వేడుకల వైపు మళ్లాయి. 1612లో 13వ లూయీ పెళ్లి నిశ్చయం సందర్భంగా పారిస్‌లో జరిగిన పెద్ద కరుసెల్, కేథరిన్ కూల్పించిన ఆ భవనం ఉన్న స్థలంలో కట్టిన కొత్త చౌకులోనే జరిగింది.

పాతకోట:
ఒక చిన్న చేర్పు. ప్రాణం పోయే పోటీ, పోని పోటీ అన్న తేడా ముందు నుంచీ ఉంది. 1390 వసంతంలో బూసికో, మరి ఇద్దరు ఫ్రెంచి నైట్లు కాలే సమీపంలోని సాంతాంగ్లెవేర్ దగ్గర డేరాలు వేసుకొని 30 రోజుల పాటు ఎవరు వచ్చినా తలపడతామని చాటించారు. వచ్చినవాడు వేలాడదీసిన రెండు డాళ్లలో ఒకదాన్ని తాకాలి, శాంతి డాలు తాకితే మొండి బల్లెం, యుద్ధ డాలు తాకితే పదును బల్లెం. ఎక్కువమంది ఇంగ్లీషువారు యుద్ధ డాలునే తాకారు. అయినా ఎవరూ చనిపోలేదు. ఎవరి చేతిలో ఏ మొన ఉందన్న దానికంటె ఎదుటివాడిని చంపాలన్న తలంపు ఉందా లేదా అన్నదే తేడా తెచ్చేదని నేననుకొంటాను.

మేరీలాండ్ మావయ్య:
ఆట చచ్చిపోయిందని తీర్మానించే ముందు మా రాష్ట్రం సంగతి కూడా వినండి. అమెరికాలో మేరీలాండ్ 1962లోనే బల్లెపు పోటీని తన అధికారిక క్రీడగా ప్రకటించింది. అయితే ఇక్కడ మనిషిని కొట్టరు. కమానుల నుంచి వేలాడదీసిన చిన్న రింగులను పరుగెత్తుతున్న గుర్రం మీది నుంచి బల్లెంతో గుచ్చి ఎత్తుతారు. నేను చూడబోయిన పోటీలో ఆడపిల్లలే ఎక్కువగా పాల్గొన్నారు, రింగు చివరికి గాజు కంటె చిన్నదైపోయింది.

గుర్రపుడెక్క:
మావయ్య గారూ, అది కొత్తగా పుట్టించినది కాదు. రింగును గుచ్చడం, తిరుగుడు కొయ్యకు కట్టిన డాలును కొట్టి దాని రెండవ కొస వీపు మీద తగలకుండా తప్పించుకుపోవడం మధ్యయుగంలోనే కుర్ర రౌతులకు నేర్పిన సాధనలు. క్రొయేషియాలోని సిన్య్ పట్టణంలో 1715 నాటి తుర్కుల ముట్టడిపై విజయానికి గుర్తుగా ఏటా ఆగస్టులో జరిగే ఆల్కా కూడా రింగు పోటీయే. అక్కడి రింగులో రెండు వలయాలుంటాయి, నడిమి వలయాన్ని గుచ్చినవాడికి మూడు పాయింట్లు. గుర్రం పూర్తి దౌడు తీయాలి, మెల్లగా నడిపించి గురిచూడటం కుదరదు.